గురి తప్పిన చోటే గురి

(ఆగస్టు మొదటి వారంలో హన్మకొండలో జరిగిన ఒక పాఠకుల సమావేశంలో విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసుకున్నది. సభలో వచ్చిన ప్రశ్నలు కొన్ని చివర ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతుందా? ఆ మూల ఫ్యాన్ జర బంద్ చేయండి, నా కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఆఁ, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలవడానికి వచ్చిన పిల్లలు "హిరోషిమా దినం కదా సార్, శాంతి గురించి ఒక అరగంట మాట్లాడండి" అన్నారు. శాంతి గురించి మాట్లాడటం నాకు రాదమ్మా. ముప్పై ఏళ్లు యుద్ధాలు చెప్పి పెన్షన్ తెచ్చుకుంటున్నవాణ్ని. అది కూడా ఎట్లా చెప్పాను? యుద్ధానికి కారణాలు అయిదు మార్కులు, ఫలితాలు అయిదు మార్కులు. మధ్యలో ఏం జరిగిందో సిలబస్‌లో లేదు. ఇవ్వాళ ఆ మధ్యలోది చెప్తాను. ఊళ్ల మీద బాంబులు వేయించినవాళ్లు ఏం లెక్క వేసుకొని వేయించారు, తమకు తాము ఏం చెప్పుకున్నారు అన్నది. వాళ్లు పిచ్చివాళ్లు కారు. చాలామంది మనకంటే బాగా చదువుకున్నవాళ్లు. పొద్దున ఆఫీసుకు పోయి సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల హోంవర్క్ చూసినవాళ్లే.

ముందు ఈ మ్యాప్ అందుకోండి. ఒకరి తర్వాత ఒకరు చూసి పక్కకు ఇవ్వండి. లైబ్రరీది, చింపొద్దు. కాజీపేట జంక్షన్ దగ్గర కంపాస్ ముల్లు పెట్టి ఎనిమిది కిలోమీటర్లకు ఒక గీత గీశాను. పెన్సిల్‌తోనే, కంగారు పడకండి. గీత లోపల ఏమున్నాయో చూడండి. ఫాతిమానగర్, ఎన్‌ఐటీ, సుబేదారి, నయీంనగర్, హన్మకొండ చౌరస్తా. వేయిస్తంభాల గుడి కూడా లోపలే ఉంది. భద్రకాళి గుడి దాదాపు గీత మీద ఉంది. మనం కూర్చున్న ఈ హాలూ లోపలే. వరంగల్ స్టేషన్ మాత్రం బయటికి పోయింది.

ఈ ఎనిమిది కిలోమీటర్ల సంగతి తర్వాత చెప్తాను. మ్యాప్ తిరుగుతూ ఉండనీయండి.

విమానం నుంచి మొదటి బాంబు పడింది 1911 నవంబర్ 1న. లిబియాలో, ట్రిపోలీ పక్కన. జూలియో గవోట్టి అనే ఇటలీ పైలట్ ఒక చేత్తో విమానం నడుపుతూ ఇంకో చేత్తో చిన్న బాంబులు కిందికి విసిరాడు. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత పదేళ్లకు, 1921లో, అదే ఇటలీకి చెందిన జూలియో డూహే అనే జనరల్ ఒక సిద్ధాంతం రాశాడు. ఇక మీదట సైన్యాలు కందకాల్లో నాలుగేళ్లు కుళ్లిపోనక్కర్లేదు, నేరుగా శత్రువు ఊళ్ల మీద పడితే జనం తట్టుకోలేక తమ ప్రభుత్వాన్నే లొంగదీస్తారు, యుద్ధం త్వరగా ముగుస్తుంది, మొత్తం మీద తక్కువమంది చస్తారు అన్నాడు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఊళ్ల మీద బాంబుకు మొదటి సమర్థన దయ పేరుతోనే వచ్చింది.

ఇదంతా ఎక్కడో యూరప్ సంగతి అనుకుంటున్నారేమో. కాదు. మన పైసలున్నాయి అందులో. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వాళ్లకు ఒక స్క్వాడ్రన్‌కు సరిపడా బాంబర్ విమానాలు కానుకగా ఇచ్చాడు. అది 110వ స్క్వాడ్రన్. దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు పెట్టారు. ఇది హైదరాబాద్ నిజాం కానుక అని విమానం మీద రాసి ఉండేది. 1918 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌కు పోయి, అక్కణ్నుంచి జర్మనీ లోపలికి ఎగిరి, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి ఊళ్ల మీద బాంబులు వేసింది. నిజాం సొంత ఖజానా అనుకోండి, సర్కారు ఖజానా అనుకోండి, లోపలికి వచ్చేది శిస్తే కదా. అంటే ఇక్కడ ఏ పరకాలలోనో నర్సంపేటలోనో జొన్నలు పండించిన రైతు కట్టిన శిస్తులో ఒక పైసా జర్మనీలో ఎవరి ఇంటి కప్పు మీదో పడింది. ఆ రైతుకు జర్మనీ అనే దేశం ఉందనైనా తెలుసో లేదో.

ఆ స్క్వాడ్రన్ ఎవరి కింద పనిచేసిందో ఆ ట్రెంచార్డ్ అనే ఆయన యుద్ధం అయ్యాక ఒక నిష్పత్తి చెప్పాడు. బాంబు వల్ల జరిగే వస్తు నష్టం ఒక వంతు అయితే, మనుషుల మనోధైర్యం మీద పడే దెబ్బ ఇరవై వంతులట. ఇరవైని ఎట్లా కొలిచాడు? కొలవలేదు. నోటికొచ్చిన అంకె. కానీ అంకెకు ఒక గుణం ఉంది. ఒకసారి చెప్తే దానికి కాళ్లొస్తాయి.

1920లలో ఈ విద్యను సాధన చేసింది ఎక్కడ? ఇరాక్ పల్లెల మీద, మన వాయవ్య సరిహద్దు తెగల మీద. అంతకుముందు, 1919లో, జలియన్‌వాలాబాగ్ జరిగిన మర్నాడే గుజ్రాన్‌వాలా మీద విమానాల నుంచి బాంబులు వేశారు. అది యుద్ధం కూడా కాదు, సొంత పాలనలో ఉన్న ఊరు. తర్వాత జర్మనీ ఊళ్లను కాల్చిన ఆర్థర్ హారిస్ ఇరాక్‌లో స్క్వాడ్రన్ నడిపినవాడే. ఎవరి ఇల్లు కాలితే లండన్‌లో పార్లమెంటు అడగదో అక్కడ చేయి తిరిగింది.

స్పెయిన్‌లో గెర్నికా, 1937 ఏప్రిల్ 26, సంత రోజు. 1940 మేలో రోటర్‌డామ్. సెప్టెంబర్ నుంచి లండన్, వరుసగా 57 రాత్రులు. నవంబర్‌లో కోవెంట్రీ. ఇవన్నీ హిట్లర్ వైపు పని. మొదలుపెట్టింది వాళ్లే, ఆ విషయంలో నాకు తడబాటు లేదు. మన తెలుగు నేల మీద కూడా పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ నెలలో మద్రాసు సగం ఖాళీ అయింది.

ఇప్పుడు మన ఎనిమిది కిలోమీటర్లకు వద్దాం.

యుద్ధం మొదట్లో బ్రిటన్ నియమం ఏమిటంటే ఫ్యాక్టరీలు, ఆయిల్ ప్లాంట్లు, రైల్వే యార్డులు, వీటి మీదే వేయాలి. పగలు పోతే జర్మన్ ఫైటర్లు కూల్చేస్తున్నాయి. అందుకని రాత్రి పోవడం మొదలుపెట్టారు. పైలట్లు తెల్లారి వచ్చి "వేశాం సార్, మంటలు చూశాం" అని రిపోర్టు ఇచ్చేవాళ్లు. అబద్ధం చెప్పలేదు పాపం, అట్లా అనుకున్నారు. చర్చిల్‌కు సైన్సు సలహాదారుగా ఉన్న చెర్‌వెల్‌కు అనుమానం వచ్చింది. డి.ఎమ్. బట్ అనే ఒక అధికారికి పని అప్పజెప్పాడు. బాంబు వేసేటప్పుడు విమానం నుంచి తీసిన ఫోటోలు ఆరు వందలకు పైగా తీసుకొని, నిజంగా విమానం ఎక్కడుందో చూడమన్నాడు. 1941 ఆగస్టులో రిపోర్టు వచ్చింది. లక్ష్యాన్ని కొట్టామని చెప్పిన విమానాల్లో మూడింట ఒకటి మాత్రమే దానికి అయిదు మైళ్ల లోపలికి వచ్చింది. మన లెక్కలో ఎనిమిది కిలోమీటర్లు. పొగ, మబ్బు ఎక్కువుండే రూర్‌లో, అంటే జర్మనీ ఫ్యాక్టరీల ప్రాంతంలో, పదింట ఒకటి.

మ్యాప్ ఎవరి దగ్గరుందమ్మా? చూడు. కాజీపేట జంక్షన్ కొట్టమని మూడు విమానాలను పంపితే, ఒకటి ఆ గీత లోపల ఎక్కడో ఒకచోట వేస్తుంది. జంక్షన్ మీద కాదు, గీత లోపల. మిగతా రెండూ ఏ ఘన్‌పూర్ పొలాల్లోనో వేసి, జంక్షన్ కొట్టామని చెప్పుకొని ఇంటికి పోతాయి.

ఇట్లాంటి రిపోర్టు మీ టేబుల్ మీదికొస్తే ఏం చేస్తారు? రెండు దారులున్నాయి. గురి కుదిరేదాకా ఆపడం. లేదంటే, దేన్ని కొట్టగలుగుతున్నామో దాన్నే లక్ష్యం అనుకోవడం. రాత్రిపూట పదిహేను వేల అడుగుల నుంచి కొట్టగలిగింది ఒకటే, ఊరు. 1942 ఫిబ్రవరి 14న బాంబర్ కమాండ్‌కు, అంటే బ్రిటన్ బాంబర్లను నడిపే విభాగానికి, ఆదేశం వెళ్లింది. ఇక నుంచి దాడులకు ముఖ్య లక్ష్యం శత్రు దేశపు పౌరుల మనోధైర్యం, ముఖ్యంగా ఫ్యాక్టరీ కార్మికులది. మర్నాడు వైమానిక దళాధిపతి పోర్టల్ ఒక చీటీ రాశాడు, ఎవరికైనా అనుమానం ఉంటే పోవాలని. గురి పెట్టాల్సింది ఇళ్లున్న ప్రాంతాలకు, ఓడరేవులకో విమానాల ఫ్యాక్టరీలకో కాదు, ఇది అందరికీ స్పష్టంగా చెప్పండి అని దాని సారాంశం. హారిస్ వచ్చి బాంబర్ కమాండ్ అధిపతి కుర్చీలో కూర్చున్నది ఆ తర్వాత వారానికి. ఈ పాపమంతా హారిస్ ఒక్కడి నెత్తిన వేస్తారు గానీ, ఆయన రాకముందే కాగితం తయారుగా ఉంది.

నేను ఇవ్వాళ చెప్పదలుచుకున్నది ఇదే, మిగతావి దీనికి కొమ్మలు. ఊరిని కాల్చడం న్యాయమేనా అని మొదట కూర్చుని ఆలోచించి, న్యాయమే అని తేల్చుకొని, తర్వాత కాల్చలేదు. ముందు గురి తప్పింది. తప్పిన గురి ఎక్కడ పడిందో దానికి లక్ష్యం అని పేరు పెట్టారు. న్యాయం తర్వాత వెతుక్కున్నారు.

వెతికి పెట్టింది మళ్లీ చెర్‌వెల్. 1942 మార్చి 30న చర్చిల్‌కు ఒక పేజీ నోటు పంపాడు. లెక్క ఎట్లా వేశాడో చూడండి, మన పిల్లలకు ఎక్కం చెప్పినట్టు ఉంటుంది. ఒక టన్ను బాంబులు ఇళ్ల మీద పడితే వందనుంచి రెండు వందల మందికి నీడ పోతుంది. ఒక బాంబర్ కూలిపోయేలోపు సగటున పద్నాలుగు సార్లు వెళ్లొస్తుంది. వెళ్లినప్పుడల్లా మూడు టన్నులు. అంటే దాని ఆయుష్షులో సుమారు నలభై టన్నులు. నలభై టన్నులకు నాలుగు వేలనుంచి ఎనిమిది వేల మంది ఇళ్లు పోతాయి. జర్మనీలో పెద్ద ఊళ్లు 58. పదివేల బాంబర్లు కడితే, సగం బాంబులు ఆ ఊళ్ల మీద పడినా చాలు, దేశంలో మూడో వంతు జనానికి ఇల్లుండదు. మనుషులను చంపడం అనే మాట నోటులో లేదు. ఇళ్లు లేకుండా చేయడం, అంతే. ఆ టన్నులు పడేటప్పుడు ఇంట్లో ఎవరుంటారు అన్నది లెక్కలోకి రాలేదు.

ఇక్కడ మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. ఆయన ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్‌లో పనిచేసేవాడు. 1934లో పెట్టిన మిల్లు, మీలో పెద్దవాళ్లకు తెలుసు. మేం మిల్లు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. రెండు గదులు, ముందర అరుగు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఒకటే, పక్కింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మూడు షిఫ్టులు. నాన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే మమ్మల్ని అమ్మ బయటికి తోలేది, చప్పుడు చేయొద్దని. మిల్లేమో పెద్ద పెద్ద షెడ్లు, ఇనుప స్తంభాలు, గట్టి గోడలు. కాల్చాలంటే అంత సులభం కాదు. క్వార్టర్స్ మాత్రం అగ్గిపెట్టెలు పేర్చినట్టు. చెర్‌వెల్ నోటు మొదటిసారి చదివినప్పుడు నాకు అర్థమైంది ఇదీ. మిల్లు ఆపాలంటే మిల్లును కొట్టనక్కర్లేదు. పగలు పడుకున్న మా నాన్నను కొడితే చాలు. చప్పుడు చేయొద్దని బయటికి తోలిన మమ్మల్ని కొడితే ఇంకా మేలు, ఆయన మళ్లీ షిఫ్టుకు పోడు.

ఆ నోటును ఎదిరించినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. హెన్రీ టిజార్డ్, పాట్రిక్ బ్లాకెట్, ఇద్దరూ పెద్ద శాస్త్రవేత్తలు. టిజార్డ్ అన్నాడు, ఈ అంచనా అయిదు రెట్లు ఎక్కువ వేశారని. బ్లాకెట్ ఆరు రెట్లు అన్నాడు. యుద్ధమయ్యాక చూస్తే వాళ్ల మాటే నిజానికి దగ్గర. కానీ ఆ గొడవ దేని మీద? హెచ్చవేత మీద. అంత ఫలితం రాదు అన్నారు. అంత ఫలితం వస్తే సరేనా అని ఆ గదిలో ఎవరూ అడిగినట్టు లేదు. ఇంకో సంగతి, నాకిది మింగుడుపడదు. నోటుకు ఆధారంగా చూపించింది హల్, బర్మింగ్‌హామ్ ఊళ్లలో చేసిన సర్వే. జర్మన్ బాంబులు తిన్న బ్రిటిష్ జనం ఎట్లున్నారో చూసిన సర్వే అది. జనం చెదిరిపోలేదు, పనికి వస్తూనే ఉన్నారు అని అందులో తేలింది. తమవాళ్లు బెదరలేదు, వాళ్లవాళ్లు బెదురుతారు అనుకున్నారన్నమాట.

హాంబర్గ్ గురించి కొంచెం నిలబడి చెప్తాను, ఎందుకంటే అక్కడ ఇది చేతిపనిగా మారింది. 1943 జూలై 27 రాత్రి, ఏడు వందలకు పైగా విమానాలు. ముందు పెద్ద బాంబులు వేసేది చంపడానికి కాదు. పైకప్పులు లేపడానికి, కిటికీ అద్దాలు పగలగొట్టడానికి. ఎందుకు? పొయ్యికి గాలి కావాలి. అప్పుడు ఇల్లు ఇల్లు కాదు, పొగగొట్టం. ఆ తర్వాత వేలకు వేలు చిన్న నిప్పు బాంబులు, మూర పొడుగు కడ్డీలు, కప్పులేని ఇళ్లలోకి. ఫైరింజన్ వాళ్లు బయటికి రాకుండా మధ్యమధ్య ఆలస్యంగా పేలేవి. మీరెవరైనా ఇటుక బట్టీ దగ్గర నిలబడ్డారా? కింద గాలి ఎట్లా లాక్కుంటుందో చూశారా? ఆ లాగుడు ఒక ఊరంత అయింది. చెట్లను వేళ్లతో పీకే గాలి, మంట వైపు. రోడ్డు మీద తారు కరిగి పరుగెత్తేవాళ్ల కాళ్లు అంటుకుపోయాయి. నేలమాళిగల్లో దాక్కున్నవాళ్లలో చాలామందికి ఒంటి మీద కాలిన గాయం కూడా లేదు, విషవాయువుతో కూర్చున్నచోటే పోయారు. ఎక్కువ కాలింది హామర్‌బ్రూక్, కూలీల పేట. ఆ వారం పది రోజుల దాడుల్లో మొత్తం 37,000 నుంచి 40,000 మంది చనిపోయారు. ఊరి ఫ్యాక్టరీలు చాలావరకు కొద్ది నెలల్లో మళ్లీ నడిచాయి.

ఇప్పుడు అవతలివైపు కూడా చెప్పాలి, లేకపోతే నేను చరిత్ర చెప్పినట్టు కాదు, శాపనార్థాలు పెట్టినట్టు అవుతుంది. 1940లో ఫ్రాన్స్ పడిపోయింది. యూరప్ నేల మీద బ్రిటన్‌కు ఒక్క సైనికుడు లేడు. అవతల హిట్లర్. జర్మనీని తాకగలిగిన చేయి ఒకటే, బాంబర్. తర్వాత రష్యా రోజూ వేలమందిని పోగొట్టుకుంటూ మీరేం చేస్తున్నారని అడుగుతుంటే చూపించడానికి ఉన్నదీ అదే. బాంబుల వల్ల జర్మనీ తన విమానాలను, వేల ఫిరంగులను రష్యా వైపు నుంచి తెచ్చి ఊళ్లకు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఇది నిజం, చిన్న విషయం కాదు. పైన ఎగిరినవాళ్లు కూడా హాయిగా లేరు. బాంబర్ కమాండ్‌లో ఎగిరింది సుమారు 1,25,000 మంది, ఎక్కువమంది ఇరవై దాటిన కుర్రాళ్లు. 55,573 మంది తిరిగి రాలేదు. మైకేల్ వాల్జర్ అనే అమెరికా తత్వవేత్త ఇట్లాంటి స్థితిని అన్నిటికంటే పెద్ద ఆపద అన్నాడు. మొత్తం నాగరికతే పోయే స్థితి ఉంటే, వేరే దారి లేకుంటే, చేయకూడనిది చేయాల్సి రావచ్చు, కానీ అది తప్పు కాకుండా పోదు అని. ఆ స్థితి కూడా 1942 తర్వాత లేదన్నాడు ఆయనే. నేను ఆయనతో సగం దూరం వెళ్తాను. 1940లో నేను లండన్‌లో ఉంటే ఏమనేవాణ్నో ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చుని చెప్పలేను. కానీ హాంబర్గ్ 1943. డ్రెస్డెన్ 1945 ఫిబ్రవరి, యుద్ధం మూడు నెలల్లో ముగుస్తుందనగా, 25,000 మంది. ఆ మార్చిలో చర్చిల్ స్వయంగా రాశాడు, వేరే సాకులతో కేవలం భయపెట్టడానికే ఊళ్లు కాల్చడాన్ని పునరాలోచించాలి అని. అధికారులు గొడవ చేస్తే ఆ కాగితం వెనక్కి తీసుకొని మెత్తగా ఇంకోటి రాశాడు. మొదటి కాగితం మాత్రం మిగిలిపోయింది.

నీతిశాస్త్రంలో ఒక పాత తేడా ఉంది. ఒక పని చేస్తుంటే చెడు జరుగుతుందని తెలియడం వేరు, ఆ చెడు జరగాలనే చేయడం వేరు. ఇది పుస్తకాల్లో చాలా చిక్కుగా ఉంటుంది. మన లెక్కలో చెప్తాను. మేడారం జాతర అనుకోండి. వరంగల్ అంతా ఖాళీ. మిల్లు క్వార్టర్స్‌కు తాళాలు, అందరూ బెల్లం మోసుకొని అమ్మవార్ల దగ్గరికి పోయారు. ఆ రాత్రి బాంబులు పడ్డాయి. జంక్షన్ కొట్టాలని వచ్చినవాడు పట్టాలు విరిగాయని తెలిసి ఏమంటాడు? పనయింది, పైగా ఎవరూ చావలేదు, మంచిదే అంటాడు. చెర్‌వెల్ లెక్క పట్టుకొని వచ్చినవాడు? ఇళ్లు కూలాయి గానీ జనం నిక్షేపంగా ఉన్నారు, బెదిరిందెవరు, దాడి సగం వృథా అంటాడు. జనం బతికిపోతే ఎవడికి నష్టమో వాడి గురి జనమే. వాడు కాగితం మీద ఏం రాసుకున్నా సరే.

టోక్యో దగ్గర అమెరికావాళ్లకు ఇదే కథ మళ్లీ. పగటిపూట, గురిచూసి, ఫ్యాక్టరీల మీదే వేస్తామని గొప్పగా మొదలుపెట్టారు. ముప్పై వేల అడుగుల ఎత్తులో విపరీతమైన గాలి, కింద మబ్బు, బాంబులు ఎటో పోతున్నాయి. జనరల్ లెమే పద్ధతి మార్చాడు. రాత్రి, తక్కువ ఎత్తులో, బరువు తగ్గించడానికి తుపాకులు కూడా పీకించి, నాపామ్ అనే అంటుకొని మండే జిగురు పెట్రోలు నింపి. 1945 మార్చి 9 రాత్రి 279 విమానాలు. 41 చదరపు కిలోమీటర్లు బూడిద. 80,000 నుంచి లక్ష మంది. సమర్థన ఏమిటంటే, టోక్యోలో ఇంటింటా చిన్న వర్క్‌షాపు ఉంది, ఒకరు మరలు చేస్తారు, ఒకరు స్ప్రింగులు, కాబట్టి ప్రతి ఇల్లూ ఫ్యాక్టరీయే. పూర్తిగా అబద్ధం కాదు ఇది. కానీ మన కొత్తవాడకు పోండి, ఇంట్లో జంపఖానా మగ్గం పక్కనే ఉయ్యాల ఉంటుంది. సిరిసిల్లలో మరమగ్గం చప్పుడులోనే పిల్లలు నిద్రపోతారు. రేపు ఎవడో మిలిటరీకి గుడ్డ ఆర్డర్ ఇచ్చాడనుకోండి, సిరిసిల్ల ఊరుకు ఊరే ఆయుధశాల అయిపోతుందా?

అణుబాంబు అనగానే మనవాళ్లు బ్రహ్మాస్త్రం అంటారు. నాకు ఆ పోలిక నచ్చదు, అందులో కొంచెం గర్వం కూడా దూరుతుంది. నాకు గుర్తొచ్చేది గుడ్లగూబ. సౌప్తిక పర్వం. యుద్ధం ఓడిపోయారు, మిగిలింది ముగ్గురు. మర్రిచెట్టు కింద అశ్వత్థామకు నిద్రపట్టదు. కొమ్మల మీద కాకులు నిద్రపోతుంటే గుడ్లగూబ వచ్చి ఒక్కొక్కదాన్నీ చంపుతుంది. దారి దొరికింది అనుకుంటాడు. చూడండి, ముందు కనబడింది సాధ్యం. న్యాయం తర్వాత. లేచి కృపాచార్యుడితో వాదిస్తాడు, వాళ్లు మా నాన్నను అబద్ధమాడి చంపించలేదా, ధర్మం ముందు తప్పింది వాళ్లే కదా అని. ఆ మాటలో నిజముంది. కృపుడు వద్దంటాడు. ఈ రాత్రి పడుకో, పొద్దున ముగ్గురం పోయి యుద్ధం చేద్దాం, నిద్రపోతున్నవాళ్లను చంపడం ధర్మం కాదు అంటాడు. అన్నీ చెప్తాడు. చెప్పి ఏం చేశాడు? అశ్వత్థామ లోపలికి పోతే, కృపుడు, కృతవర్మ శిబిరం ద్వారం దగ్గర నిలబడ్డారు. పారిపోయి వచ్చినవాళ్లను నరికారు. శిబిరానికి మూడుచోట్ల నిప్పు పెట్టారు. అశ్వత్థామ కోపం నాకు అర్థమవుతుంది. కృపుడే నాకు ఎప్పటికీ అంతుపట్టడు. ఇన్నేళ్లలో యుద్ధాల గురించి ఎంత చదివినా, అశ్వత్థామలు కొందరే కనబడ్డారు. ఆఫీసుల నిండా కృపాచార్యులే.

వద్దని చెప్పి ద్వారం దగ్గర నిలబడనివాళ్లూ ఉన్నారు, వెతికితే. చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్ 1944 ఫిబ్రవరి 9న, యుద్ధం నడుస్తుండగానే, ప్రభువుల సభలో లేచి ఊళ్లను కాల్చడం తప్పన్నాడు. తర్వాత ఆయనకు పెద్ద పదవి రాకపోవడానికి అదే కారణమని చాలామంది అంటారు. 1956లో, అణుబాంబు వేయించిన అమెరికా మాజీ అధ్యక్షుడు ట్రూమన్‌కు ఆక్స్‌ఫర్డ్ గౌరవ డిగ్రీ ఇస్తుంటే ఎలిజబెత్ ఆన్స్‌కోమ్ అనే అధ్యాపకురాలు వద్దని ఓటేసింది. ఓడిపోయింది, డిగ్రీ ఇచ్చారు.

చట్టం సంగతి త్వరగా. నాజీలను విచారించిన న్యూరెంబర్గ్‌లో ఊళ్ల మీద బాంబుల కేసు నడవలేదు. గెలిచినవాళ్లు కూడా అదే చేశారు మరి. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన ప్రోటోకాల్‌లో మొదటిసారి స్పష్టంగా రాశారు, ఊళ్లో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలన్నిటినీ ఒకటే లక్ష్యంగా లెక్కగట్టి మొత్తం మీద వేయకూడదని. దాని మీద మన దేశం ఇంకా ఆమోద ముద్ర వేయలేదు. అమెరికా కూడా అంతే.

ఇక మీరడగండి. టీ వచ్చేదాకా సమయముంది.

(ఒక విద్యార్థి: హిట్లర్ లాంటోడితో నీతి మాట్లాడితే ఎట్ల సార్? వాడు మాట్లాడడు కదా?)

వాడితో మాట్లాడమని నేననలేదు తమ్ముడూ. వాడితో కొట్లాడాల్సిందే. 1944 మే నుంచి అమెరికావాళ్లు జర్మనీ ఆయిల్ ప్లాంట్లను వరసగా కొట్టారు. కొన్ని నెలల్లో జర్మన్ విమానాలకు పెట్రోలు లేదు, ట్యాంకులు ఆగిపోయాయి. అంతకుముందు రెండేళ్లు ఊళ్లు కాలుతుంటే జర్మనీ ఆయుధాల ఉత్పత్తి పెరుగుతూనే పోయింది, 1944 మధ్యదాకా. హిట్లర్‌ను ఆపింది ఆ ఆయిల్ దాడులు, నేల మీద సైన్యాలు. హామర్‌బ్రూక్‌లో కాలిపోయిన ఆడవాళ్లు, పిల్లలు హిట్లర్ కాదు. నీతి పక్కన పెట్టి ఒట్టి లెక్క చూసినా నీ ప్రశ్నకు జవాబు అంత సులభంగా నీవైపు రాదు.

(ఒక మహిళ: అణుబాంబు వేయకపోతే యుద్ధం ఇంకా సాగి ఇంకా ఎక్కువమంది పోయేవాళ్లంటారు కదా సార్?)

అంటారమ్మా. తీసిపారేయదగిన మాట కాదు. జపాన్ మీద దిగితే ఎంత రక్తపాతమో ఒకినావా దీవిలో చూశారు. జపాన్ సైన్యం కింద చైనాలో, ఇతర దేశాల్లో జనం రోజూ చస్తున్నారు కూడా. హిరోషిమాలో పెద్ద సైనిక కార్యాలయం ఉన్న మాటా నిజమే. కానీ గురి దేనికి పెట్టారు? ఊరి మధ్యలో ఇంగ్లీషు T అక్షరం ఆకారంలో ఉన్న అయోయ్ వంతెనకు, పైనుంచి బాగా కనబడుతుందని. లక్ష్యాల కమిటీ ఏం వెతికిందంటే, అంతకుముందు బాంబు పడని పెద్ద ఊరు, ప్రభావం కొలవడానికి వీలుగా. క్యోటో పేరు జాబితాలో ఉంటే యుద్ధ మంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి తీసేయించాడు. ఒక మనిషి పట్టుబడితే ఒక ఊరు మిగిలింది. ఆ ఏడాది చివరికల్లా హిరోషిమాలో సుమారు 1,40,000 మంది పోయారు. రేడియోలో ట్రూమన్ మాత్రం దాన్ని సైనిక స్థావరం అన్నాడు. మీ ప్రశ్నకు నా దగ్గర తిరుగులేని జవాబు లేదు. యుద్ధం ముగియడానికి బాంబు ఎంత కారణం, ఆ మూడు రోజుల్లోనే రష్యా జపాన్ మీద యుద్ధం ప్రకటించడం ఎంత కారణం అని ఇప్పటికీ వాదనలున్నాయి. కానీ తక్కువమంది చస్తారనే ఆ మాట 1921లో డూహే చెప్పిందే. అప్పటికి ఒక్క ఊరు కూడా కాలలేదు.

(వెనక నుంచి ఒకరు: ఇప్పుడు జీపీఎస్ ఉంది సార్. గురి తప్పదు. మీరు చెప్పిన సమస్య పోయినట్టే కదా?)

మంచి ప్రశ్న. దీంతో ముగిద్దాం. నా మేడారం లెక్క ఇక్కడ తడబడుతుంది, ఒప్పుకుంటాను. 1991లో ఇరాక్ మీద గురిచూసి కొట్టారు, కరెంటు ప్లాంట్లను. ఎవరినీ చంపాలని కాదు. కరెంటు పోతే నీళ్ల పంపులు ఆగాయి, మురుగునీటి ప్లాంట్లు ఆగాయి. తర్వాత నెలల్లో రోగాలు వచ్చి పోయింది చిన్నపిల్లలు. మన రామగుండం తీసుకోండి, 2,600 మెగావాట్లు. అందులో మిలిటరీకి పోయే కరెంటు ఏది, ఎంజీఎం ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టెకు పోయే కరెంటు ఏది? తీగలో రెండూ కలిసే పోతాయి. అక్కడ బాంబు అంగుళం కూడా పక్కకు పోదు. తప్పింది గురి కాదు మరి, ఏమిటి తప్పింది? ఇది మీరు ఆలోచించి వచ్చే నెల నాకు చెప్పండి, నాకూ కావాలి.

టీ వచ్చినట్టుంది. మ్యాప్ ఎవరి దగ్గర ఆగింది? ఇటు ఇవ్వమ్మా. ఇదేంది, గీత లోపల ఇన్ని చుక్కలు ఎవరు పెట్టారు? మీ ఇళ్లా? పెన్సిలేనా? సరే ఉండనీ. లైబ్రేరియన్ గారికి నేను చెప్పుకుంటాను.